నాచుతోటలో మిసావో నోరు

మిసావో నోరు మూసుకుని ఉన్న రోజులు ఆమె జీవితంలో బహు తక్కువ. ఆమె పుట్టింది కితయామా కొండల్లో, దేవదారు దుంగలకు బెరడు ఒలిచి, ఇసుకతో రుద్ది నునుపు చేసే ఊళ్లో. అక్కడి ఆడవాళ్లందరూ వాగు ఒడ్డున వరసగా కూర్చుని దుంగలు రుద్దేవారు. చేతులు ఆగితే మేస్త్రీ ఊరుకోడు గానీ, నోటికి అడ్డు చెప్పేవాళ్లెవరూ లేరు. వాగు హోరు దాటి అవతలి మనిషికి వినపడాలంటే గొంతు పెంచక తప్పదు. అలా తల్లి పక్కన కూర్చుని దుంగలు రుద్దడమూ, గట్టిగా మాట్లాడటమూ మిసావోకు ఒకేసారి వచ్చాయి.

క్యోటోలో బట్టల అద్దకం పనిచేసే జుకిచికి ఇచ్చి పెళ్లి చేశారు. కాపురానికి వచ్చిన వారంలోనే అత్తగారు కొడుకుని పక్కకు పిలిచి, "ఏరా, ఈ పిల్ల చెవిటివాళ్ల మధ్య గానీ పెరిగిందా?" అని అడిగిందట. జుకిచి నవ్వి ఊరుకున్నాడు. అతను పొద్దున్నుంచి సాయంత్రం దాకా మహా అయితే రెండు ముక్కలు మాట్లాడే మనిషి. రంగులద్దిన బట్టను నీళ్లలో జాడించి, ఆరేసి, ఇంటికొచ్చి భోజనానికి కూర్చుంటే భార్య ఎదురుగా కూర్చుని వీధి సంగతులన్నీ ఏకరువు పెట్టేది. ఎప్పుడైనా ఆమె ఆగితే, "ఆగావేం? తర్వాతేమైంది?" అనేవాడు. ఆ ఇద్దరికీ ఆ ఏర్పాటు బాగా కుదిరింది.

అద్దకం పని సన్నగిల్లి, కూతురు బడికి వెళ్లే వయసొచ్చాక, మిసావో హకుసుయి-జి అనే బౌద్ధుల గుడి తోటలో పనికి కుదిరింది. ఇంటినుంచి నడిచి వెళ్లేంత దూరం. వందల ఏళ్లనాటి తోట అది. ముందు చెరువు, చెరువు అవతల కొండవాలు, వాలంతా నాచు. నాచు అంటే ఒకటి కాదు. పిల్లి బొచ్చులాంటిది, చిన్న చిన్న దేవదారు మొక్కల్లాంటిది, తడిస్తే నల్లబడేది, ఎండితే వెండిరంగు తిరిగేది, రకరకాలుగా పరుచుకుని ఉంటుంది. దాని మధ్య మొలిచే గడ్డిని వేళ్లతో, చిన్న ఇనుప కొక్కెంతో, నాచు చెదరకుండా ఏరాలి. తలకు గుడ్డ కట్టుకుని, మోకాళ్ల కింద గోనెసంచి వేసుకుని, నేలకు వంగి జరుగుతూ జరుగుతూ వెళ్లాలి. వాలు చివరికి చేరేసరికి మొదట్లో మళ్లీ గడ్డి మొలిచి ఉంటుంది. మిసావో ఆ పని తల్లి చేసిన పనిలాగే ఉందనుకుంది. చేతులకు పని, నోటికి స్వేచ్ఛ.

ఆ జట్టులో అందరికంటే పెద్దది కికుయె. ఆమెకు చెవుడని పేరు. ఆమె వినాలంటే అరవాలి. అందరికంటే చిన్నది తోకికో, మాట పదును. మిగతావాళ్లు వస్తూ పోతూ ఉండేవారు గానీ ఈ ముగ్గురూ మాత్రం ఏళ్ల తరబడి ఒకరి పక్కన ఒకరు గడ్డి పీకారు. ఎండిపోయిన పాత జలపాతం ఒకటి ఆ వాలులో ఉంది. పైనుంచి కింది దాకా పెద్ద పెద్ద రాళ్లు, నీటిచుక్క లేదు. ఆ రాళ్ల దగ్గరే సంచులు పెట్టుకునేవారు, అక్కడే టీ తాగేవారు, వర్షాకాలంలో గడ్డి ఎక్కువ మొలిచేది అక్కడే కాబట్టి ఎక్కువసేపు అక్కడే కూర్చునేవారు. చెరువుకి ఇవతల గుడి వసారా ఉంది. చూడవచ్చినవాళ్లంతా ఆ వసారాలో కూర్చుని తోటను చూస్తారు. 'దయచేసి నిశ్శబ్దంగా ఉండండి' అని అక్కడ బోర్డు. వసారాకీ ఈ రాళ్లకీ మధ్య అజేలియా పూల పొదలు గుబురుగా అడ్డం ఉండటంతో వీళ్లు వాళ్లకు కనపడరు, వాళ్లు వీళ్లకు కనపడరు. అటునుంచి దగ్గు కూడా వినపడేది కాదు. అంచేత వీళ్లు తమ లోకంలో తాము ఉండేవారు.

ఏం మాట్లాడేవారు అంటే, ఏం మాట్లాడేవారు కాదు అని అడగడం సులభం. మిసావో అత్తగారి చాదస్తం, తోకికో మొగుడు కొన్న పడవ, ఆ పడవ ఇంకా నీళ్లు చూడకపోవడం, కికుయె కోడలు చేసే గంజిలాంటి పులుసు, పక్కవీధి దంతవైద్యుడికి పళ్లు లేకపోవడం. ఏదైనా సరే మిసావో చెబితే దానికి కాళ్లూ చేతులూ వచ్చేవి. ఎవరి గొంతు వాళ్ల గొంతుతో, ఎవరి నడక వాళ్ల నడకతో చూపించేది.

ఆ గుడి పెద్దస్వామికి దివ్యదృష్టి ఉందని మిసావో, తోకికో గట్టిగా నమ్మేవారు. నమ్మడానికి కారణాలున్నాయి. ఒక చలికాలం, తాగే వేళకి టీ చల్లారిపోతోందని వాళ్లు సణుక్కున్నారు. మర్నాడు వంటింట్లోంచి కొత్త ఫ్లాస్కు వచ్చింది. ఎర్రచిక్కుళ్ల పూర్ణం పెట్టిన ఉండలు తిని ఎన్నాళ్లయిందోనని కికుయె అన్న వారంలోనే ఆకుల్లో చుట్టిన ఉండలు వచ్చాయి. మోకాళ్లు పీకుతున్నాయనుకుంటే గోనెసంచులకు బదులు దూది దిండ్లు వచ్చాయి. ఒక్కసారి మాత్రం ఆ దృష్టి కాస్త తడబడింది. గుడి వాళ్లు పెట్టే ముల్లంగి ఊరగాయ ఉప్పుకషాయంలా ఉందని వాళ్లు పొద్దంతా తిట్టుకుంటే, ఆ మర్నాటి నుంచి చలికాలం అయ్యేదాకా ఊరగాయ జాడీలు వస్తూనే ఉన్నాయి. "మన మనసులో ఊరగాయ ఉందని తెలిసింది గానీ, ఎందుకుందో తెలియలేదు పాపం" అంది తోకికో. అప్పటినుంచి పెద్దస్వామి ఎదురుపడితే మిసావో చప్పున మంచి మంచి ఆలోచనలు తెచ్చుకుని, వంగి దణ్ణం పెట్టి తప్పుకునేది.

జుకిచి పోయిన ఏడు మిసావో నోరు పడిపోయింది. గుండె ఆగి, అద్దకం తొట్టి పక్కనే కూలబడి పోయాడు. కర్మలన్నీ అయ్యాక ఆమె పనిలోకి వచ్చింది. గడ్డి పీకింది, టీ తాగింది, ఇంటికి వెళ్లింది. వాళ్లు పలకరిస్తే తల ఊపేది. ఆకులు ఎర్రబడి రాలే దాకా అదే తీరు. ఒకరోజు కికుయె ఆమె పక్కకు జరిగి, ఏమీ ఎరగనట్టు, "ఏమే, మీ ఆయనకి ఏ కూరంటే ఇష్టమే?" అని అడిగింది.

"చేమదుంపలు" అంది మిసావో మెల్లిగా.

"ఏంటీ? వినపళ్లేదు!"

"చేమదుంపలక్కా! తెల్ల మిసో పులుసులో ఉడకబెట్టిన చేమదుంపలు! గిన్నె గిన్నెంతా ఒక్కడే తినేవాడు, సిగ్గులేని మనిషి!" అని అరిచింది మిసావో. అరిచాక ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, పెళ్లైన కొత్తలో ఆ చేమదుంపలు మాడబెట్టిన సంగతీ, అతను మాడు కూడా గీకి తిన్న సంగతీ చెప్పింది. చీకటి పడేదాకా చెప్పింది. మర్నాడు ఇంటికెళ్లే వేళకి, గుడి వంటింట్లోంచి మూతపెట్టిన గిన్నె ఒకటి అందింది. లోపల తెల్ల మిసోలో ఉడికిన చేమదుంపలు. మిసావో దాన్ని తీసుకెళ్లి జుకిచి ఫొటో ముందు పెట్టి, చాలాసేపు కూర్చుంది. పెద్దస్వామి మామూలు మనిషి కాడని అప్పుడు ఆమెకు పూర్తిగా రూఢి అయిపోయింది.

ఏళ్లు గడిచాయి. కూతురు పెళ్లై ఒసాకా వెళ్లింది. అత్తగారు పోయారు. అక్కడి స్వాములు సంసారులే కాబట్టి, గుడిలో పెద్దస్వామి ముసలితనంతో బాధ్యతలు కొడుకు చిన్నస్వామికి అప్పగించి, వసారా చివర గదిలో ఉంటున్నాడు. మిసావో జుట్టు నెరిసింది గానీ నోరు నెరవలేదు.

ఆ ఏడు వానలు మొదలైన కొత్తల్లో ఆమె చెరువులో పడింది. చిన్నస్వామి కొత్తగా ఒక అలవాటు చేసుకున్నాడు. గుడి చూడవచ్చిన గుంపులకు కళ్లు అరమోడ్చి, వేలు గాల్లో తిప్పుతూ, "శూన్యం... శూన్యాన్ని చూడండి... అడుగులో అడుగు..." అని చెబుతూ వెనక్కి వెనక్కి నడుస్తాడు. మిసావో కొక్కెం పైకెత్తి, కళ్లు అరమోడ్చి, "శూన్యం..." అంటూ వెనక్కి నడిచి చూపించింది. తోకికో పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "మిసావో అక్కా, వెనకాల..." అని చెప్పబోయేలోపే వెనకాల నేల అయిపోయింది. నడుంలోతు నీళ్లలో, తలమీద తామరాకుతో, మిసావో "చూశాను. శూన్యంలో చేపలున్నాయి" అంది. బయటికి లాగాక చూస్తే చీలమండ గుమ్మడికాయలా వాచింది.

డాక్టరు ఇంట్లో కూర్చోమన్నాడు. ఇంట్లో మాట్లాడటానికి గోడలు తప్ప ఎవరూ లేరు. అక్క కాలు బెణికిందని తెలిసి ఊరినుంచి చెల్లెలు సెకి వచ్చింది. నాలుగు రోజులు పోయాక, వాపు తగ్గి కర్ర పట్టుకుని నడవగలుగుతున్నప్పుడు సెకి అంది:

"అక్కా, ఇన్నేళ్లుగా ఫోన్లో ఆ తోట, ఆ తోట అంటావు. నాకోసారి చూపించకూడదూ?"

"అందులో చూడ్డానికేముందే? గడ్డి. ఎంత పీకినా వస్తుంది."

"లోకమంతా వచ్చి చూస్తోంది కదా!"

"లోకానికి పీకే పని లేదు మరి."

అన్నదే గానీ, తనెప్పుడూ వసారాలో కూర్చుని ఆ తోటను చూడలేదన్న సంగతి అప్పుడే మిసావోకు తట్టింది. పనివాళ్లు వచ్చేది వెనక దారిన, పోయేది వెనక దారిన. సరే పదమంది. మంచి కిమోనో కట్టుకుంది, జుట్టు దువ్వుకుంది, కొంచెం పౌడరు రాసుకుంది. టికెట్లిచ్చే అబ్బాయి రోజూ వెనక దారిలో ఆమెకు దణ్ణం పెట్టేవాడే, ఇప్పుడు మొహం చూసి కూడా గుర్తుపట్టలేదు. "అమ్మగారు మొదటిసారా వస్తున్నారు?" అని అడిగి కాగితం ఒకటి చేతికిచ్చాడు. "అవును బాబూ, మొదటిసారే" అంది మిసావో. సెకి నవ్వు ఆపుకోలేక గొడుగు చాటుకు వెళ్లింది.

వసారాలో జనం నిండుగా ఉన్నారు. చెప్పులు విడిచి, ఇద్దరూ ఓ స్తంభం పక్కన సర్దుకుని కూర్చున్నారు. సన్నగా వాన. చెరువు మీద చినుకుల సున్నాలు. అవతల వాలు.

మిసావో చూసింది. తను పీకిన గడ్డి ఒక్కటీ కనపళ్లేదు. పీకిన చోటు కూడా కనపళ్లేదు. కొండ మీదినుంచి చెరువు దాకా ఆకుపచ్చ ఒకే ఊపులో దిగి వస్తోంది, ఎవరో బరువైన పట్టుబట్టను నీళ్లలో జాడించి ఆరేసినట్టు. జుకిచి ఉండి ఉంటే ఈ రంగు చూసి ఓ మాట అనేవాడు. రెండు ముక్కల్లో ఒక ముక్క దీనికి ఖర్చుపెట్టేవాడు. ముక్కుకి అంగుళం దూరంలో ఇన్నేళ్లు చూసిన నాచు ఇదా! 

సరిగ్గా అప్పుడు, చెవి పక్కనే నిలబడి మాట్లాడినట్టు, తోకికో గొంతు వినపడింది.

"మిసావో అక్క లేకపోతే ఎంత ప్రశాంతంగా ఉందో కదూ!"

మిసావో ఉలిక్కిపడి వెనక్కి చూసింది. తోకికో లేదు. మౌనంగా తోట చూస్తున్న జనం ఉన్నారు.

"ఏంటీ?" ఇది కికుయె గొంతు.

"ప్రశాంతంగా ఉందంటున్నా! నాలుగు రోజులకే విసుగొచ్చేసింది, అది వేరే సంగతి!"

"ఆ కాలు ఇంకా తగ్గలేదటా?"

"కాలు తగ్గుతుందిలే అక్కా. అప్పుడు వేసుకున్న లోపలి లంగా సంగతే తేలలేదు! నీళ్లలోంచి లాగినప్పుడు చూశావుగా? ఎర్రది! కుందేళ్ల బొమ్మలు! ఈ వయసులో కుందేళ్లా!"

సెకి కళ్లు పెద్దవి చేసి అక్క వైపు చూసింది. ఆ లంగా పుట్టినరోజుకి తనే పంపింది. వసారాలో అక్కడక్కడా భుజాలు కదులుతున్నాయి. ఒక పెద్దమనిషి మొహానికి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నవ్వుతున్నవాళ్లెవరికీ ఆశ్చర్యం మాత్రం లేదు. అది గమనించి మిసావో స్తంభం చాటుకు జరిగింది.

పక్కన కూర్చున్న ఆవిడ, బూడిదరంగు కిమోనోలో చాలా మర్యాదస్తురాలిలా ఉంది, ఆమె వైపు వంగి గుసగుసగా అంది:

"మీరు కొత్తా? కంగారు పడకండి. అవతల కలుపు తీసే ఆడవాళ్లు. వాళ్లకి తెలీదు ఇక్కడికి వినపడుతుందని. మీరు ఎవరితోనూ అనకండేం."

"ఎ... ఎన్నాళ్లుగా?"

"నేను వచ్చేదే పదేళ్ల పైనుంచీ. మా అత్తయ్య చెబితే వచ్చాను. అసలైన మనిషి ఇవాళ లేదండీ. మిసావో అని ఒకావిడ ఉంది. ఆవిడ చెబితే వినాలి! పోయిన వారం చెరువులో పడిందట పాపం. ఆ రోజు నేను రాలేకపోయాను, నా ఖర్మ." ఆవిడ నిట్టూర్చింది. "అన్నట్టు, తోకికో గారి పడవ ఇంకా నీళ్లలో దిగలేదండీ!"

మిసావో మొహం తోట వైపు తిప్పేసుకుంది. ఇన్నేళ్లలో తను ఆ రాళ్ల మీద ఏమేం మాట్లాడిందో ఒక్కొక్కటీ కళ్లముందు కదిలింది. అత్తగారి గురక. దంతవైద్యుడు. తన మలబద్ధకం. మలబద్ధకం గురించి ఒక వసంతకాలమంతా మాట్లాడింది. లేచి పారిపోదామనుకుంది, కాలు సహకరించలేదు. ఆ లోపు వసారా చివర, కాగితపు తలుపు వెనకనుంచి ఎవరో కిచకిచమని నవ్విన చప్పుడు. ఆ నవ్వు చివర దగ్గు. ఆ దగ్గు ఆమెకు బాగా తెలుసు.

కర్ర పట్టుకుని, జనాన్ని తప్పించుకుంటూ వెళ్లి, తలుపు పక్కన మోకరిల్లి, "పెద్దస్వామీ" అంది.

తలుపు జానెడు తెరుచుకుంది. లోపల ఎండిపోయిన రేగుపండులా పెద్దస్వామి, ఒళ్లో దుప్పటి, పక్కన టీ గిన్నె. చెవి చెరువు వైపు.

"ఎవరూ?" అని కళ్లు చికిలించాడు.

"నేనండీ. మిసావోని."

పెద్దస్వామి బడిలో పట్టుబడ్డ కుర్రాడిలా తల దించుకున్నాడు. తర్వాత, "లోపలికి రా. తలుపు వేసెయ్. మెల్లిగా మాట్లాడు, బయటివాళ్లు వింటారు" అన్నాడు.

"బయటివాళ్లు వింటారా! ఇప్పుడా చెబుతున్నారు!"

"ఆ సంగతి నేను చెబితే మీరు ఆపేస్తారు కదా."

"మరి ఫ్లాస్కు..."

"విన్నాను."

"పూర్ణం ఉండలు..."

"అవీ విన్నాను. నాకూ ఇష్టమే అవి, నెపం దొరికింది."

"ఊరగాయ?"

"ఆ రోజు గాలి అడ్డం తిరిగింది" అన్నాడు పెద్దస్వామి దిగులుగా. "ఊరగాయ, ఊరగాయ అని తప్ప ఏమీ సరిగ్గా వినపళ్లేదు."

మిసావోకు కోపం వచ్చింది, ఆ వెనకే నవ్వూ వచ్చింది. ఈయన ఎదురుపడ్డప్పుడల్లా మంచి ఆలోచనల కోసం పడ్డ తిప్పలు తలుచుకుంటే నవ్వు ఇంకా పెరిగింది. సెకి కూడా తలుపు సందులోంచి లోపలికి జరిగింది. పెద్దస్వామి ఆమె ఎర్రబడ్డ మొహం చూసి, "కుందేళ్లు పంపింది నువ్వేనా?" అని అడిగాడు. సెకి సిగ్గుతో చాప మీదికి వంగిపోయింది.

"అసలు ఇదెలా వినపడుతోంది స్వామీ? మీ దగ్గు కూడా అక్కడికి రాదే?"

"ఇక్కడ అందరూ నోళ్లు మూసుకుని కూర్చుంటారు. నేను తలుపేసుకుని దగ్గుతాను. ఎలా వస్తుంది?" ఆయన వేలితో పొదల వైపు చూపించాడు. "మీరు కూర్చునే చోట జలపాతం ఉండేది. దాని చప్పుడు చెరువు మీదుగా నేరుగా ఈ వసారాకి రావాలని తోట కట్టినవాళ్లు ఆ రాళ్లు అలా నిలబెట్టారు. మా తాతగారి కాలంలో పైన ఊట ఎండిపోయింది. ఆయనా, మా నాన్నా ఉత్త రాళ్లు చూస్తూ కాలం గడిపారు. నా కాలానికి మీరొచ్చి కూర్చున్నారు."

మిసావో కర్ర పక్కన పెట్టి, చాప మీద సర్దుకుని కూర్చుంది.

"మా ఆయన పోయినప్పుడు?" అంది చివరికి.

"ఆ శరత్కాలం మీవైపు నుంచి ఆకులు పడే చప్పుడే వచ్చింది" అన్నాడు పెద్దస్వామి. "అంతకుముందు ఏడే మా ఆవిడ పోయింది. నాతో మాట్లాడే మనిషి లేదు. పొద్దున్నే కూర్చుని నీ గొంతు కోసం చూసేవాణ్ణి. చేమదుంపల రోజున నువ్వు అరిచావే, నేను లేచి నిలబడ్డాను. వంటింట్లో నేనే ఉడకబెట్టాను. కొంచెం మాడాయి. తెలిసిందా?"

"మాడు తగిలింది" అంది మిసావో, కళ్లు తుడుచుకుంటూ. "మా ఆయనకి అలాగే ఇష్టం."

బయట వసారాలో మళ్లీ ఆపుకుంటున్న నవ్వులు. తోకికో ఏదో చెబుతోంది. పెద్దస్వామి చెవి అటు పోయింది. తర్వాత ఈమె వైపు తిరిగి, చిన్నపిల్లాడు మిఠాయి అడిగినట్టు, "చెరువులో పడ్డ రోజున మావాణ్ణి ఏదో అనుకరించావటగా. మాటలు విన్నాను, నడక చూళ్లేదు. ఒక్కసారి..." అన్నాడు. కర్ర ఊతంతో లేచి, ఆ చిన్న గదిలో, మిసావో కళ్లు అరమోడ్చి శూన్యం చూస్తూ వెనక్కి నడిచింది. పెద్దస్వామి నవ్వీ నవ్వీ దుప్పటిలో మొహం దాచుకున్నాడు. చిన్నస్వామి తలుపు తీసి, "నాన్నగారూ, ఏమైంది? మందు తేనా?" అని అడిగేదాకా ఆ నవ్వు ఆగలేదు. మిసావో ఆ నిలబడ్డ భంగిమలోనే వంగి, చిన్నస్వామికి మహా వినయంగా నమస్కారం చేసింది.

మర్నాడు ఆమె పనిలోకి వెళ్లింది. వెళ్లగానే ఇద్దరినీ జలపాతం రాళ్లకు బాగా దూరంగా, కొండ మీది వెదుళ్లలోకి తీసుకెళ్లి, ఉన్నదంతా చెప్పేసింది. తోకికో మొహం పాలిపోయింది.

"పడవ సంగతి కూడా?"

"పడవ కోసం జనం ఎదురుచూస్తున్నారే!"

"మా ఆయనకి తెలిస్తే నన్ను ఆ పడవలో కూర్చోబెట్టి సముద్రంలోకి తోసేస్తాడు!"

"ముందు అది నీళ్లలో దిగాలి కదా" అంది కికుయె.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. మిసావో చెప్పింది మెల్లగా, దాదాపు గుసగుసలా. తోకికో అన్నది కూడా అంతే.

"అక్కా" అంది మిసావో, "నీకు వినపడిందా?"

కికుయె తలగుడ్డ సర్దుకుంది. "నాకు చెవుడని నేనెప్పుడైనా చెప్పానా? మీరే అనుకున్నారు."

"మరి ఇన్నేళ్లు ఏంటీ, ఏంటీ అని అరిపించావు!"

"అరవకపోతే ఆయనకి వినపడేదెలా?" కికుయె చిన్నగా చెప్పుకొచ్చింది. పనిలో చేరిన మొదట్లో స్వామిగారి భార్య తనని పిలిచి ఈ రహస్యం చెప్పిందట. వసారాకి మాటలు వస్తాయి, మావారు పైకి గంభీరంగా ఉంటారు గానీ మాటల కోసం మొహం వాచిపోయి ఉంటారు, మీరు ఆపకండి అందట. ఆవిడ పోయే ముందు మంచం మీదినుంచి మళ్లీ చెప్పిందట, కాస్త గట్టిగా మాట్లాడుకోండమ్మా అని. "నా గొంతు పీల. నువ్వు పనిలోకి వచ్చిన రోజే నీ గొంతు చూశాను. నిన్ను అరిపిస్తే చాలనుకున్నాను" అంది కికుయె. "టీ వేడిగా దొరికిందా లేదా?"

మిసావో ఆమెను కొట్టబోయింది, కొట్టబోయి కావిలించుకుంది.

మాట్లాడటం మానాలా వద్దా అని ఆ వెదుళ్లలో పెద్ద చర్చే జరిగింది. తోకికో మానేద్దామంది. కికుయె మానడానికి వీల్లేదంది. మిసావో మధ్యేమార్గంగా, మాట్లాడదాం గానీ మర్యాదగా మాట్లాడదామంది. అలాగే రాళ్ల దగ్గరికి దిగి పని మొదలుపెట్టారు. "తోకికో గారూ, ఇవాళ వాతావరణం చల్లగా ఉందండీ." "అవునండీ మిసావో గారూ, నాచుకి చాలా మంచిదండీ." రేడియో వార్తల్లాగ కాసేపు నడిచింది. ఈలోగా ఒక కాకి వచ్చి, రాతిమీద విప్పి పెట్టిన మిసావో డబ్బాలోంచి అన్నం ముద్ద ఎత్తుకుపోయింది. మిసావో కాకిని, కాకి తల్లిని, దాని వంశాన్ని కితయామా కొండలు దద్దరిల్లేలా తిట్టింది. పొదల అవతల, ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా ఉన్న వసారాలోంచి, ఎవరో ఆపుకోలేక పెద్దగా నవ్వారు. ఆ నవ్వు చెరువు మీదుగా వచ్చి వాళ్ల ఒళ్లో పడింది.

వానలు తగ్గాక ఒకరోజు పెద్దస్వామి గడ్డిటోపీ పెట్టుకుని, చిన్నస్వామి చెయ్యి పట్టుకుని, చెరువు చుట్టూ తిరిగి రాళ్ల దగ్గరికి వచ్చాడు. తను కూడా వాళ్లతో కూర్చుని గడ్డి పీకుతానన్నాడు. దిండు వేసి కూర్చోబెట్టారు. ఆయన గడ్డి అనుకుని నాచు పీకాడు. ఎవరూ ఏమీ అనలేదు. అసలు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఆయన ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూశాడు.

"ఏం, ఇవాళ కబుర్లు లేవా?"

"స్వామీ" అంది మిసావో, ఆయన చేతిలోంచి కొక్కెం తీసుకుంటూ, "మీరిక్కడ కూర్చుంటే మాకు మాట దొరకదు. మేం చెప్పాల్సిన వాటిలో సగం మీ గురించే. లేచి వసారాలోకి వెళ్లండి."

పెద్దస్వామి నొచ్చుకోలేదు. కొడుకు భుజం పట్టుకుని లేచి, చెరువు చుట్టూ మెల్లగా నడుచుకుంటూ వెళ్లాడు. వీళ్లు చేతులు కట్టుకుని ఎదురుచూశారు. కాసేపటికి అవతలనుంచి, పక్కన నిలబడి పలికినంత స్పష్టంగా, ఆయన గొంతు వచ్చింది.

"కూర్చున్నాను. ఇక కానివ్వండి."